ఎన్ని మిల్లీసీవర్ట్‌లకు నేల శుభ్రమైనట్టు?

నరసాపురం నుంచి కాకినాడ దాకా సముద్రపు ఒడ్డున అక్కడక్కడా ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. తూర్పు కనుమల రాళ్ళు అరిగి, నదుల వెంట కొట్టుకొచ్చి తీరాన పేరుకున్న బరువైన ఖనిజాలవి. ఇల్మనైట్, గార్నెట్ ఎక్కువ, వాటితో పాటు కొద్దిగా మోనజైట్. మోనజైట్‌లో థోరియం ఉంటుంది కాబట్టి ఆ ఇసుకకు సహజంగానే రేడియోధార్మికత ఉంది. కేరళలోని చవర, నీండకర తీరాల్లో ఇదే ఖనిజం మరింత దట్టంగా ఉంది, దాని మీదే జనం తరతరాలుగా ఇళ్ళు కట్టుకుని ఉంటున్నారు. అక్కడి కరునాగప్పళ్ళిలో దాదాపు 70 వేల మందిని సగటున పదేళ్ళకు పైగా గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనానికి, నేల నుంచి వచ్చే రేడియేషన్ వల్ల క్యాన్సర్ పెరిగిన జాడ దొరకలేదు. ఆ నేలను తవ్వి పారేయాలని ఎవరూ అనరు.

ఇప్పుడు ఇంకోవైపు చూడండి. ఒంటికి అందిన రేడియేషన్ ఎంత హాని చేయగలదో చెప్పే కొలత మిల్లీసీవర్ట్. మనిషికి సహజంగా అందే రేడియేషన్ మోతాదు ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. కలుషితమైన స్థలాన్ని శుద్ధి చేశాక మిగిలే కాలుష్యం నుంచి ఏడాదికి 0.15 మిల్లీసీవర్ట్ మించి అందకూడదని అమెరికా పర్యావరణ సంస్థ 1990లలో పట్టుబట్టింది. అంటే సహజ మోతాదులో పదహారో వంతు. అదే దేశపు అణు నియంత్రణ సంస్థ 1997లో 0.25 చాలంది. సాధారణ ప్రజలకు మన దేశంలో పరిమితి 1. ఆస్ట్రేలియాలో బ్రిటన్ బాంబులు పేల్చిన మారలింగకు పెట్టిన ప్రమాణం 5. 2011 అణు ప్రమాదం తర్వాత ఫుకుషిమాలో ఖాళీ చేయించిన ఊళ్ళకు జనాన్ని తిరిగి పంపడానికి జపాన్ పెట్టుకున్న గీత 20. అన్నీ ఏడాదికి మిల్లీసీవర్ట్‌లలోనే, అన్నిటినీ పెట్టింది నిపుణులే.

ఇది చూసి "శాస్త్రవేత్తలకే తెలియదు, మనకేం చెబుతారు" అనేవాళ్ళు కొందరు, "20 అయినా ఫరవాలేదన్నారు కాబట్టి భయమంతా వట్టిది" అనేవాళ్ళు ఇంకొందరు. రెండు మాటలూ తొందరపాటే. ఈ అంకెల్లో శాస్త్రం పాలు కొంతే. మిగతాదంతా ఆ నేల మీద ఎవరు బతుకుతారు, ఏం తింటారు, ఎక్కడ పడుకుంటారు అన్న ఊహ. నా ఉద్దేశంలో అణుపరీక్షల స్థలాల చరిత్రలో దెబ్బలు తగిలింది భౌతిక శాస్త్రం దగ్గర కంటే ఈ ఊహ దగ్గరే ఎక్కువ.

ముందు శాస్త్రం సంగతి. రేడియేషన్ వల్ల క్యాన్సర్ ఎంత పెరుగుతుందో మనకు ప్రధానంగా తెలిసింది హిరోషిమా, నాగసాకిలలో బతికి బయటపడినవారి ఆరోగ్యాన్ని దశాబ్దాల పాటు గమనించడం వల్ల. సుమారు 100 మిల్లీసీవర్ట్‌లు దాటిన మోతాదులకు ప్రమాదం లెక్కకు అందుతుంది. అంతకు దిగువన, మామూలుగా వచ్చే క్యాన్సర్ల రద్దీలో ఆ కొద్దిపాటి పెరుగుదలను విడదీసి చూపడం కష్టం. కాబట్టి పై మోతాదుల నుంచి సున్నా దాకా ఒక సరళరేఖ గీసి, మోతాదు సగమైతే ప్రమాదమూ సగమే అవుతుందని అనుకుంటారు. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ వాడే లెక్క స్థూలంగా సీవర్ట్‌కు, అంటే వెయ్యి మిల్లీసీవర్ట్‌లకు, 5 శాతం. ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ చొప్పున 70 ఏళ్ళు అందితే 70, అంటే ప్రమాదం 0.35 శాతం. వెయ్యి మందిలో ముగ్గురో నలుగురో. అదే వెయ్యి మందిలో వందకు పైగా వేరే కారణాల క్యాన్సర్లతో ఎటూ పోతారు. అందుకే ఆ ముగ్గురు నలుగురు ఎవరో ఏ వైద్యుడూ వేలు పెట్టి చూపలేడు.

ఆ సరళరేఖ రుజువైన సత్యం కాదు, జాగ్రత్త కోసం పెట్టుకున్న ఒప్పందం. నిబంధనలు రాయడానికి అది సరైన ఒప్పందమే అని నేననుకుంటాను. ఆ రేఖనే పట్టుకుని అతి చిన్న మోతాదులను కోట్ల జనాభాతో గుణించి ఇన్ని వేల మంది చస్తారని ప్రకటించడం మాత్రం తగదు. ఆ కమిషనే దాన్ని వద్దంది. మన టీవీ చర్చల్లో ఎక్కువగా వినిపించేది ఆ గుణకారమే.

అంకెలు వేరువేరుగా ఉండడానికి మొదటి కారణం సందర్భం. కొత్తగా రియాక్టర్ కడుతున్నప్పుడు ప్రజలకు 1 మిల్లీసీవర్ట్ మించి అందకుండా కట్టమని ఆదేశించవచ్చు, కుదరకపోతే కట్టవద్దనవచ్చు. కాలుష్యం ముందే నేలలో ఉంటే ఆ వీలు లేదు. లంక గ్రామంలో కొత్తగా ఇల్లు కట్టేవాడికి వరద మట్టం కంటే పునాది ఎత్తు పెట్టమని చెప్పగలం కానీ, అదే కొలత చూపించి ఇప్పటికే ఉన్న ఇళ్ళన్నీ కూల్చమనలేం కదా. అందుకే రేడియేషన్ రక్షణ కమిషన్ ఇలాంటి స్థలాలకు 1 నుంచి 20 మధ్య ఒక శ్రేణి ఇచ్చి, అందులో వీలైనంత కింది వైపు గీత ఎంచుకుని క్రమంగా 1 వైపు దిగమంటుంది. ఇంకో మాట కూడా జోడిస్తుంది: శుద్ధి వల్ల జరిగే మేలు, శుద్ధి వల్ల జరిగే నష్టం కంటే ఎక్కువ ఉండాలి. పైమట్టి ఎత్తేస్తే రేడియోధార్మికతతో పాటు పంట పండే నేల కూడా పోతుంది.

0.15కూ 0.25కూ మధ్య అమెరికా సంస్థల తగవు ఇలాంటిది కాదు. పర్యావరణ సంస్థ రేడియేషన్‌ను కూడా రసాయన కాలుష్యంలా చూస్తుంది. జీవితకాలంలో పది వేల మందిలో ఒకరి నుంచి పది లక్షల మందిలో ఒకరి దాకా అదనపు క్యాన్సర్ అన్నది దాని కొలబద్ద. అణు నియంత్రణ సంస్థ పై నుంచి కిందికి వస్తుంది: ప్రజలకు మొత్తం పరిమితి 1, అందులో ఒక్క స్థలానికి నాలుగో వంతు. రెండూ కాగితం మీద సబబే. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడాను నేలలో కొలిచి చూపడమే కష్టం, ఎందుకంటే ఒక ఊరికీ పక్క ఊరికీ సహజ రేడియేషన్‌లో ఉండే తేడా అంతకంటే ఎక్కువ.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. మిల్లీసీవర్ట్ మనిషికి సంబంధించిన కొలత. బుల్‌డోజర్ నడిపేవాడికి కావలసింది మట్టి కొలత, అంటే కిలో మట్టిలో ఎన్ని బెక్వెరెల్‌లు (సెకనుకు ఎన్ని పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయో చెప్పే కొలత) ఉంటే ఎత్తాలి, ఎన్ని ఉంటే వదలాలి అన్నది. మొదటి దాని నుంచి రెండోదానికి రావాలంటే మధ్యలో ఒక మనిషిని నిలబెట్టాలి. రేడియేషన్ రక్షణ నిపుణులు అతన్ని ప్రాతినిధ్య వ్యక్తి అంటారు. అతను ఎంత తింటాడు, ఆ తిండిలో ఎంత ఆ నేలదే, ఎంత దుమ్ము పీలుస్తాడు, ఎన్ని గంటలు ఆరుబయట ఉంటాడు, అతని పిల్లలు ఎంత మట్టి నోట్లో పెట్టుకుంటారు, ఇవన్నీ రాసుకుని లెక్క కడతారు. ఈ మనిషి తప్పయితే మిగతా లెక్క ఎంత సరిగా ఉన్నా తప్పే.

పసిఫిక్ సముద్రంలోని మార్షల్ దీవుల్లో 1946 నుంచి 1958 దాకా అమెరికా 67 అణుపరీక్షలు చేసింది. పరీక్షలకు ముందే, 1946లో, బికినీ పగడపు దీవి నుంచి 167 మందిని వేరే దీవికి తరలించారు. 1954 మార్చి 1న అక్కడ పేల్చిన బ్రావో బాంబు శక్తి 15 మెగాటన్నులు. 1968లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ బికినీ మళ్ళీ నివాసయోగ్యమని ప్రకటించారు. శిథిలాలు తొలగించారు, ఇళ్ళు కట్టారు, వేల కొబ్బరి మొక్కలు నాటారు. 1970ల మొదట్లో కొన్ని కుటుంబాలు తిరిగి వచ్చాయి.

నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఐదారేళ్ళు, కొన్ని రకాలకు అంతకంటే ఎక్కువ పడుతుందని మన కోనసీమ రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1996 నవంబరు తుపాను తోటలను నేలమట్టం చేశాక ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో ఇక్కడ ప్రతి ఇంటికీ తెలుసు. బికినీలోనూ పట్టింది అదే గడువు. మొదట్లో జనం ఎక్కువగా బయటి నుంచి వచ్చిన తిండి తిన్నారు, శరీరాల్లో కొలతలు తక్కువగానే వచ్చాయి. 1970ల మధ్యకు చెట్లు కాపుకు వచ్చాయి. కొబ్బరి, కొబ్బరి నీళ్ళు రోజువారీ ఆహారమయ్యాయి. 1978 నాటికి వాళ్ళ శరీరాల్లో సీజియం-137 అనే, అణు పేలుళ్ళు మిగిల్చే రేడియోధార్మిక పదార్థం ఒక్క ఏడాదిలోనే 75 శాతం పెరిగినట్టు తేలింది. ఆ ఏడాదే అందరినీ మళ్ళీ ఖాళీ చేయించారు. స్థానిక ఆహారం ఎంత తింటారన్న అంచనాయే తక్కువగా వేసుకున్నారు.

ఆ అంచనా ఎంత ముఖ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. పెద్దవాళ్ళు 1 మిల్లీసీవర్ట్ మోతాదు పొందాలంటే సుమారు 77 వేల బెక్వెరెల్‌ల సీజియం-137 తినాలి. రోజుకు 300 గ్రాముల కొబ్బరి తినేవాడు ఏడాదికి దాదాపు 110 కిలోలు తింటాడు. అతనికి కిలో కొబ్బరిలో 700 బెక్వెరెల్‌లు ఉంటే పరిమితి నిండిపోతుంది. రోజుకు 30 గ్రాములు మాత్రమే, అంటే పచ్చడికీ కూరకూ, వాడుకునేవాడికి 7 వేలు ఉన్నా అంతే అవుతుంది. ఒకటే దీవి, ఒకటే మిల్లీసీవర్ట్, భోజనం పళ్ళెం మారితే ప్రమాణం పది రెట్లు మారింది.

నేల స్వభావం కూడా అంతే. సీజియం రసాయనికంగా పొటాషియానికి దగ్గరి చుట్టం కాబట్టి మొక్క వేరు రెండింటినీ దాదాపు ఒకే దారిన లోపలికి తీసుకుంటుంది. బికినీది పగడపు సున్నం నేల. అందులో బంకమట్టి లేదు, పొటాషియం అంతంత మాత్రమే. ఆకలిగా ఉన్న వేరు దొరికిన సీజియాన్ని పీల్చేస్తుంది. మన డెల్టా నేలల్లో ఒండ్రు, బంకమన్ను ఎక్కువ. బంకమట్టి పొరలు సీజియాన్ని పట్టి ఉంచుతాయి, వేరుకు తేలిగ్గా వదలవు. కాబట్టి బికినీ కోసం కట్టిన మట్టి ప్రమాణాన్ని తెచ్చి డెల్టాకు అంటించడం ఎంత పొరపాటో, ఖండాల మీది బంకమన్ను నేలల అనుభవంతో బికినీని అంచనా వేయడమూ అంతే పొరపాటు.

ఈ చుట్టరికం లోంచే పరిష్కారం కూడా వచ్చింది. అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాలవారు బికినీ చెట్లకు పొటాషియం క్లోరైడ్ వేసి చూశారు. అంబాజీపేటలో కొబ్బరి రైతు చెట్టు పాదులో వేసే పొటాష్ అదే. కాయల్లో సీజియం పదో వంతుకు, కొన్నిచోట్ల ఇంకా దిగువకు పడిపోయింది. జపాన్‌లో ఫుకుషిమా తర్వాత వరి మడులకూ ఇదే మందు వాడారు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1998లో బికినీ మీద ఇచ్చిన నివేదిక, స్థానిక ఆహారమే తింటే ఏడాదికి దాదాపు 15 మిల్లీసీవర్ట్‌లు అందుతాయని, దిగుమతి ఆహారం కలిపితే దాదాపు 4 అని లెక్క కట్టి, ఉన్న స్థితిలో శాశ్వత నివాసం వద్దంది. చెట్లకు పొటాష్ వేయడం, ఇళ్ళ చుట్టూ మట్టి మార్చడం మంచి దారి అని సూచించింది. దీవి మొత్తం పైమట్టి ఎత్తేస్తే మిగిలేది తెల్లటి పగడపు ఇసుక, దాని మీద ఏదీ తొందరగా పెరగదు.

శాస్త్రపరంగా ఇది చక్కని సలహా. ఒకసారి భద్రమేనని వెనక్కి పంపి, మళ్ళీ ఖాళీ చేయించిన దేశం ఇప్పుడు "ఎరువు వేసుకుని తినండి" అంటే నమ్మడం మాత్రం కష్టం. బికినీవాసులు 0.15 ప్రమాణాన్నే కోరారు. అమెరికా తన సొంత పౌరులకు ఏది కోరుకుంటుందో అదే మాకూ కావాలన్నారు. నాకు అది మూర్ఖపు పట్టుదలగా కనిపించదు.

ఇప్పుడు ఆ ప్రాతినిధ్య వ్యక్తిని మన డెల్టాలోకి తెచ్చి చూద్దాం. మన దగ్గర అలాంటి స్థలం ఏదీ లేదు. భారతదేశం 1974లోనూ 1998లోనూ చేసిన పరీక్షలు రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో, భూగర్భంలో జరిగాయి. అయినా ఊహించడానికి మనకు బాగా తెలిసిన మనుషులే మేలు. ఇక్కడ కొబ్బరి చాలామందికి తిండి కంటే సరుకు. దింపు తీసి, రాశి పోసి, లారీకెత్తితే కాయ ఉత్తర భారతానికి పోతుంది. కాబట్టి కొబ్బరి లెక్కలో ప్రాతినిధ్య వ్యక్తి అమలాపురంలో కాక ఎక్కడో దూరాన ఉండవచ్చు. ఇంటి లెక్కను ఏలేది బియ్యం. చేపల్లో కూడా తేడా ఉంది. పొటాషియం తక్కువగా ఉండే మంచినీళ్ళలో పెరిగిన చేప సీజియాన్ని ఎక్కువగా కూడగట్టుకుంటుంది, సముద్రపు చేప తక్కువ. అంటే చెరువు చేప తినేవాడిదీ అంతర్వేది ఒడ్డున సముద్రపు చేప తినేవాడిదీ ఒకే లెక్క కాదు.

తర్వాత పని. రోజంతా మడిలో వంగి నాటు వేసే కూలీ మోకాళ్ళ దాకా బురదలో ఉంటుంది. ఆ భూమి యజమాని రాజమహేంద్రవరంలో ఉంటాడు. ఎవరి మోతాదును బట్టి ప్రమాణం పెట్టాలి? రేడియేషన్ రక్షణ సూత్రం ప్రకారం ఎక్కువ మోతాదు అందే గుంపుకు ప్రతినిధిగా నిలిచే మనిషిని తీసుకోవాలి. కానీ లెక్క కట్టే కమిటీ ఊళ్ళోకి వస్తే వాళ్ళతో మాట్లాడేది ఎవరో, కుర్చీ ఎవరికి వేస్తారో మనకు తెలియంది కాదు. వాకిట్లో మన్ను తినే ఏడాది పిల్ల గురించి ఆ సమావేశంలో చెప్పేది ఆ పిల్ల తల్లే, ఆమెను పిలిస్తే.

మారలింగలో చాలాకాలం పిలవలేదు. దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో ఉన్న ఆ స్థలంలో బ్రిటన్ 1956, 57లలో ఏడు బాంబులు పేల్చింది. అసలు మురికి మిగిల్చినవి అవి కావు. 1960 నుంచి 63 దాకా టారనాకి అనే చోట "చిన్న ప్రయోగాలు" పేరుతో సుమారు 22 కిలోల ప్లుటోనియాన్ని సాధారణ పేలుడు పదార్థాలతో పేల్చి చుట్టూ వెదజల్లారు. 1967లో వెళ్ళిపోయే ముందు పైమట్టిని దున్ని కలిపేసి శుద్ధి అయిందన్నారు. దానివల్ల కాలుష్యం తగ్గలేదు, తర్వాత ఎత్తాల్సిన మట్టి పెరిగింది. 1984లో ఏర్పడిన రాయల్ కమిషన్ విచారణ, ఆ తర్వాతి సాంకేతిక బృందం అధ్యయనం వచ్చాకే లెక్క మళ్ళీ మొదలైంది.

ప్లుటోనియం స్వభావం సీజియానికి పూర్తిగా వేరు. మొక్కలోకి పెద్దగా ఎక్కదు, తిన్నా పేగులు చాలావరకు వదిలేస్తాయి. ఊపిరితిత్తుల్లోకి పోతేనే చెరుపు. అందుకే మారలింగలో ప్రశ్న దుమ్ము గురించి. నగరంలో కూర్చుని ఊహించిన మనిషికి, ఆ నేల మీద నిజంగా బతికే ఆదివాసీకి దూరం ఇక్కడ బాగా కనిపిస్తుంది. వాళ్ళు నేల మీద కూర్చుంటారు, నేల మీదే పడుకుంటారు, వేటాడిన మాంసాన్ని మట్టిలో నిప్పుల కింద కాలుస్తారు, పిల్లలు దుమ్ములోనే ఆడతారు. ఆ జీవితాన్ని దగ్గరగా గమనించి, అక్కడే ఏడాది పొడవునా ఉన్నా 5 మిల్లీసీవర్ట్‌లు మించకూడదని గీత గీశారు. 2000 నాటికి ముగిసిన పనికి 10.8 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఖర్చయ్యాయి. పైమట్టి గీకి కందకాల్లో పూడ్చారు.

అంతటితో అయిపోలేదు. చుట్టూ సుమారు 400 చదరపు కిలోమీటర్ల నేలను గీకలేదు. సరిహద్దు వెంట గుర్తులు పాతారు: వేటకు రావచ్చు, దాటిపోవచ్చు, బస చేయకూడదు. అంటే ఆ ప్రమాణంలో ఒక భాగాన్ని బుల్‌డోజర్ నెరవేర్చింది, మిగతా భాగాన్ని మనుషుల నడవడిక నెరవేర్చాలి. ప్లుటోనియం-239 అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గడానికి పట్టే కాలం, 24 వేల ఏళ్ళు. పొలం గట్టు రాయి ఒక తరం పాటు కదలకుండా ఉంటే గొప్ప అనుకునే మనకు, ఆ గుర్తుల మీద ఎంత భారం పెట్టారో అర్థమవుతుంది. ఆ భూమిలో చివరి భాగం 2009లో అక్కడి ఆదివాసులైన మారలింగ జారుజ ప్రజలకు తిరిగి దక్కింది.

ఎనివెటాక్‌లో ఇంకో రకం పాఠం. మార్షల్ దీవుల్లోనే ఉన్న ఈ పగడపు దీవులను 1977 నుంచి 1980 దాకా అమెరికా సైనికులు శుద్ధి చేశారు. గ్రాము మట్టిలో ప్లుటోనియం 40 పికోక్యూరీల (బెక్వెరెల్ లాంటిదే పాత కొలత) లోపు ఉంటే వదిలేయడం, 400 దాటితే తప్పక ఎత్తడం, మధ్యలో ఉంటే చోటును బట్టి నిర్ణయించడం అన్నది మొదటి మార్గదర్శకం. ఎత్తిన మట్టిని, చెత్తను, దాదాపు 73 వేల ఘనపు మీటర్లు, రునిట్ దీవిలో 1958 నాటి బాంబు గొయ్యిలో పోసి పైన కాంక్రీటు గుమ్మటం కట్టారు. గొయ్యికి అడుగున ఏ పూతా లేదు. సముద్ర మట్టం పెరుగుతున్న ఈ రోజుల్లో దాని గురించి వచ్చే వార్తలు భయం పుట్టిస్తాయి. నిజానికి ఆ దీవుల వలయం మధ్యనున్న సముద్రపు మడుగు (లగూన్) అడుగు మట్టిలో ఉన్న ప్లుటోనియం, గుమ్మటం కింద ఉన్నదాని కంటే చాలా ఎక్కువ. పని చేసిన సైనికులను రేడియేషన్ బారిన పడినవారిగా గుర్తిస్తూ అమెరికా చట్టం చేసింది 2022లో.

ఇక్కడ ప్రమాణం ప్లుటోనియానికి పెట్టారు, సీజియానికి పెట్టలేదు. ఉత్తరాన ఉన్న ఎంజెబి దీవిలో మట్టి ఎత్తిన తర్వాత కూడా కొబ్బరిలో సీజియం అలాగే ఉంది. దక్షిణ దీవులకు జనం 1980లో తిరిగి వచ్చారు కానీ ఎంజెబి కుటుంబాలు తమ సొంత దీవిలో కాపురం పెట్టలేకపోయాయి. శుద్ధి లక్ష్యం నూటికి నూరుపాళ్ళు నెరవేరినట్టు కాగితాల్లో చూపగలిగే దీవి అది.

మార్షల్ దీవుల అణు పరిహార ట్రిబ్యునల్ చివరికి 0.15 మిల్లీసీవర్ట్‌నే శుద్ధి ప్రమాణంగా తీసుకుంది. ఆ లెక్కన 2001లో బికినీవాసులకు 56.3 కోట్ల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. అందులో 25 కోట్లకు పైగా శుద్ధికే. అన్ని దీవులకూ కలిపి అమెరికా పెట్టిన నిధి 15 కోట్ల డాలర్లు. బికినీవాసులు అమెరికా కోర్టులకు వెళ్ళారు. 2010లో అక్కడి సుప్రీంకోర్టు వాళ్ళ పిటిషన్‌ను విచారణకు తీసుకోలేదు. ప్రమాణం ఉంది, దానికి సరిపడే డబ్బు రాలేదు.

ఈలోగా వానలు తమ పని చేస్తున్నాయి. సీజియం-137 అర్ధాయువు 30 ఏళ్ళే అయినా, ఆ సున్నపు నేలలోంచి వాన నీళ్ళు దాన్ని కిందికి కడిగేస్తుండటం వల్ల మొక్కలకు అందేది సుమారు ఎనిమిది తొమ్మిదేళ్ళకే సగమవుతోందని లివర్‌మోర్ కొలతలు చెబుతున్నాయి. ఎనివెటాక్, రొంగెలాప్, రాజధాని మజురోలలో శరీరమంతా కొలిచే యంత్రాలు పెట్టారు. మనిషి వచ్చి కొన్ని నిమిషాలు కుర్చీలో కూర్చుంటే, అతను గత కొన్ని నెలల్లో నిజంగా తిన్న తిండిలోంచి ఎంత సీజియం ఒంట్లో ఉందో ఆ యంత్రం చెబుతుంది. ఎంత కొబ్బరి తింటాడని ఎవరూ ఊహించాల్సిన పని లేదు.